అటక మీది తాటాకు కట్ట



మీ ఇంట్లో అటక ఉందా? ఉంటే దాని మీద ఏమేం ఉన్నాయో దించి చూసి ఎన్నాళ్ళయింది? ఇదేం ప్రశ్న అనుకోకండి. అడగడానికి కారణం ఉంది, చెబుతాను.

మాది బేతంచెర్ల. నాపరాళ్ళ ఊరు. ఇంటి నేల బండలే, గోడ బండలే, పాతకాలపు మిద్దెల పైకప్పు కూడా బండలే. అటువంటి మిద్దెలో మా జేజి కాపురం చేసింది. ఆమె అటక మీద ఒక తాటాకు కట్ట ఉండేది. రెండు చెక్కల మధ్య పెట్టి, నూలుతాడు చుట్టి, పాత ఎర్రగుడ్డలో మూటగట్టి ఉండేది. జేజికి చదువు రాదు. అయినా ఏటా సరస్వతీ పూజనాడు ఆ మూట దించి, దుమ్ము తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ పైన పెట్టించేది. "దాంట్లో ఏముంది జేజీ?" అని అడిగితే, "పెద్దోళ్ళ మాట ఉంది, నీకెందుకు పో" అనేది.

జేజి పోయిన రెండేండ్లకు మిద్దె విప్పి కొత్త ఇల్లు కట్టారు. ఆ సందట్లో ఆ మూట నీళ్ళపొయ్యి దగ్గరికి చేరింది. దాన్ని విప్పి పొయ్యిలో పెట్టింది ఎవరో కాదు, నేనే. అప్పటికి నాకు పదకొండేండ్లు. ఎండిన ఆకులు కదా, చిటపటమని బాగా మండాయి. ఆ పూట ఇంటిల్లిపాదీ తలంటు పోసుకున్నాం. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అనాలని ఎవరికీ తోచలేదు.

ఆ కట్టలో ఏముండిందో ఇక తెలిసే దారి లేదు. కనీసం అటువంటి కట్టలు భద్రంగా ఉన్న చోటు ఒకటి చూసి రావాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. చివరికి ఒకనాడు నంద్యాల చేరి, 2016లో మొదలైన ఎర్రగుంట్ల దారి రైలు పట్టుకుని, కడపకు పోయి చూసి వచ్చాను. అక్కడ చూసింది ఒక ఎత్తయితే, చూశాక తెలుసుకున్నది ఇంకో ఎత్తు. రెండూ మీతో చెప్పుకోవాలని ఈ ప్రసంగం.

కడపలో ఎర్రముక్కపల్లె దగ్గర సి. పి. బ్రౌన్ పేరుతో గ్రంథాలయం ఉంది. బ్రౌన్ దొర కాపురమున్న బంగళా స్థలంలోనే దాన్ని కట్టారు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, ఊరూరా చందాలడిగి, దాన్ని నిలబెట్టారు. 1987లో పునాదిరాయి పడింది, 1995లో తలుపులు తెరుచుకున్నాయి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం చేతికి వచ్చి, భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తూ ఉంది. బ్రౌన్ సంగతి మీలో చాలామందికి తెలిసిందే. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. జీతం డబ్బులు పెట్టి, అప్పులు చేసి, పండితులను, లేఖకులను కుదుర్చుకుని, మూలపడిన పుస్తకాలకు శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. తరువాత నిఘంటువులు తయారుచేశాడు. 1884లో లండనులో కన్నుమూశాడు.

లోపల ఒక ఉద్యోగిని నాకు తాటాకు గ్రంథం విప్పి చూపింది. గంటంతో గీసిన అక్షరం మొదట కంటికి ఆనదు. దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలిచి, నల్లగా అక్షరాలు లేస్తాయి. పురుగు పట్టకుండా నిమ్మగడ్డి నూనె రాస్తారట. ఆ వాసన గదిలో అడుగు పెట్టగానే తెలిసింది. తాటాకు ఎంత జాగ్రత్త చేసినా ఏదో ఒకనాడు పెళుసెక్కుతుంది. కాబట్టి కొన్ని తరాలకొకసారి ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీదికి ఎక్కించాల్సిందే. ఒక్క తరం ఏమరిస్తే చాలు, తెగిపోతుంది. మా ఇంట్లో ఆ ఏమరిన తరం నాదే అని ఆమెతో చెప్పలేదు, మనసులో అనుకున్నాను.

తరువాత ఆమె నా ముందు కొన్ని అచ్చు పుస్తకాలు పెట్టింది. కడప జిల్లా కైఫియత్తులు. ఈ కేంద్రమే వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. కైఫియత్తు అంటే ఒక ఊరి వైనం. ఈ ఊరు ఎవరు కట్టించారు, అడవి కొట్టి ఎవరు సేద్యంలోకి తెచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఏ రాజు కాలంలో ఇచ్చారు, ఏ పాళెగాడు ఊరు దోచాడు, ఏ కరువులో జనం లేచిపోయారు... ఇవన్నీ కరణాల కవిలెల్లోంచి, ముసలివాళ్ళ నోటిలోంచి రాబట్టి రాసినవి. భాష పుస్తకాల భాష కాదు. మన ఊళ్ళో పెద్దాయన అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. రెండు శతాబ్దాల నాటి రాయలసీమ వచనం ఇంత సహజంగా మరెక్కడ దొరుకుతుంది? అసలు "రాయలసీమ" అన్న పేరు మనకు 1928లో నంద్యాల సభలో వచ్చింది. అంతకు ముందు మనం "దత్తమండలాలు". నిజాం 1800లో కుంపిణీకి ధారపోసిన జిల్లాలు. ఆ దత్తమండలాల బతుకు ఈ కైఫియత్తుల్లో ఉంది.

వీటిని రాయించినది బ్రౌన్ కాదు. ఆయనకంటే ముందు వచ్చిన కల్నల్ కాలిన్ మెకంజీ. ఈయన ఇంగ్లీషువాడు కూడా కాదు. స్కాట్లండుకు పడమరగా, అట్లాంటిక్ సముద్రంలో లూయిస్ అని ఒక దీవి ఉంది. ఆ దీవిలో స్టోర్నొవే అనే రేవుపట్నంలో 1754 ప్రాంతంలో పుట్టాడు. చెట్టూ చేమా తక్కువ, గాలి ఎక్కువ ఉన్న బీదనేల అది. అక్కడి జనం భాష గేలిక్. ఐర్లండు భాష, వేల్సు భాష, గేలిక్, ఇవన్నీ కెల్టిక్ భాషల కుటుంబం. ఇంగ్లీషుకంటే ముందు ఆ దీవుల్లో ఉన్న భాషలు.

అంత దూరాన పుట్టినవాడు మన కరణాల మాటలు ఎందుకు రాయించాడు? నాకు ఆ ప్రశ్న పట్టుకుంది. ఇంటికి వచ్చాక దొరికిన పుస్తకాలు తిరగేశాను.

మెకంజీ 1783లో మద్రాసులో దిగాడు. ఇంజనీరు, సర్వేయరు. యుద్ధాల్లో ఉన్నాడు, కొలతలు కొలిచాడు, పటాలు గీశాడు. 1794లో నల్లమల దాటి శ్రీశైలం పోయి, గుడి ప్రాకారం మీది శిల్పాలన్నీ చూసి, దాని మీద వ్యాసం రాశాడు. 1810లో మద్రాసు సర్వేయర్ జనరల్, 1815లో భారతదేశానికంతటికీ మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో బెంగాలులో చనిపోయాడు. అప్పటికి ఆయన పోగుచేసినవి లెక్కపెడితే సాహిత్య గ్రంథాలు 1,568, ఊళ్ళ వైనాలు 2,070, శాసనాల నకళ్ళు 8,076, బొమ్మలు 2,630, నాణేలు 6,218 తేలాయి. ఆయన భార్య వాటిని లక్ష రూపాయలకు కుంపిణీకి అమ్మింది.

ఇదంతా దొర మంచితనం అనుకోనక్కరలేదు. ఊరి వైనం తెలిస్తే శిస్తు ఎంత కట్టవచ్చో తెలుస్తుంది, మాన్యం ఏది చెల్లుతుందో తెలుస్తుంది, పాళెగాని కోటకు దారి తెలుస్తుంది. కుంపిణీకి కావలసింది అదే. అయితే శిస్తు కోసమే అయితే శాసనాల నకళ్ళు అన్ని వేలు ఎందుకు? శ్రీశైలం శిల్పాలు ఎందుకు? కుంపిణీకి అక్కరలేనిది కూడా ఆయన పోగుచేశాడు. దానికి ఆయనను మెచ్చుకోవలసిందే.

ఇంకొక మాట కూడా గట్టిగా చెప్పాలి. మెకంజీకి ఈ దేశపు భాషలు పెద్దగా రావు. పని చేసినవాళ్ళు మనవాళ్ళు. ఏలూరికి చెందిన కావలి సోదరులు వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. ఊరూరా తిరిగి, అనుమానంతో చూసే కరణాలను మంచిమాటలతో ఒప్పించి, కవిలెలు బయటికి తీయించింది వీళ్ళూ వీళ్ళ కింది గుమాస్తాలూ. బొర్రయ్య హళెగన్నడ శాసనాలు చదివే కిటుకు పట్టుకున్నాడు. ముప్పై ఏండ్లైనా నిండకుండా 1803లో చనిపోయాడు. రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్ర ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించాడు. మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చాడు. ఎన్నో ఏండ్లు తిరిగాడు. చివరికి 1836లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ, ఇంతటి పని ఒక దేశీయుడి చేతికి ఇవ్వదగింది కాదని తేల్చింది. పాతికేండ్లు ఆ పనిని చేతులతో చేసినవాడికి వచ్చిన జవాబు అది.

అంతటితో ఆ కాగితాలకూ చెద పట్టవలసిందే. మద్రాసులో అవి శిథిలమవుతుంటే వాటిని మళ్ళీ రాయించి సంపుటాలు కట్టించింది మన బ్రౌన్. పరిశోధకులు "లోకల్ రికార్డ్స్" అని పిలిచేవి అవే. నేను కడపలో చేతపట్టిన కైఫియత్తు లూయిస్ దీవివాడు అడిగితే, ఏలూరు గుమాస్తాలు రాబడితే, కడప కరణం చెబితే, కలకత్తాలో పుట్టిన బ్రౌన్ తిరగరాయిస్తే మిగిలింది. ఇన్ని చేతులు మారితే ఒక ఊరి మాట బతికింది.

ఇప్పుడు మెకంజీ పుట్టిన దేశం వైపు ఒకసారి చూద్దాం. అక్కడ పుస్తకాలకు ఏం గతి పట్టిందో తెలిస్తే మన తాటాకుల విలువ తెలుస్తుంది.

1616లోనే స్కాట్లండు ప్రభుత్వం పల్లెపల్లెకూ బడి పెట్టి ఇంగ్లీషు నేర్పాలని, గేలిక్‌ను రూపుమాపాలని చట్టం చేసింది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో కొండసీమల తెగలు ఓడాక, వాళ్ళ కట్టుబట్ట మీద కూడా నిషేధం పెట్టారు. తెగల నాయకుల దగ్గర ఉండే కవులకు, కథకులకు ఆదరువు పోయింది. ఆ సమయంలో, 1760లో, జేమ్స్ మాక్‌ఫర్సన్ అనే కొండసీమ యువకుడు ఒక పుస్తకం అచ్చు వేశాడు. మూడో శతాబ్దంలో ఒస్సియన్ అనే గుడ్డికవి గేలిక్‌లో పాడిన వీరగాథలకు ఇంగ్లీషు అనువాదం అన్నాడు. వెంటనే ఇంకా రెండు పెద్ద కావ్యాలు తెచ్చాడు. యూరపు అంతా ఊగిపోయింది. గెటే తన నవలలో వాటిని చేర్చుకున్నాడు. నెపోలియన్‌కు అవి ప్రాణం.

లండనులో డాక్టర్ జాన్సన్ మాత్రం నమ్మలేదు. మూలం ఏదీ, ఆ రాతప్రతులు చూపించు అన్నాడు. మాక్‌ఫర్సన్ చూపలేకపోయాడు. దానితో దొంగ కవి అన్న ముద్ర పడింది. గేలిక్‌లో నూరేండ్ల పాతదైన రాతప్రతి లోకంలో ఒక్కటి కూడా లేదని జాన్సన్ 1775లో రాసేశాడు. ఆ మాట తప్పు. 1512కూ 1542కూ మధ్య లిస్మోర్ డీన్ పేరుతో రాసిపెట్టిన గేలిక్ పాటల పుస్తకం అప్పటికే ఉంది. అందులో ఒస్సియన్ పేరుమీద నడిచే పాటలూ ఉన్నాయి. ఎడింబరో జాతీయ గ్రంథాలయంలో అది ఈనాటికీ భద్రంగా ఉంది. చివరికి 1805లో ఒక విచారణ సంఘం తేల్చిన సంగతి ఏమంటే, ఆ కథలూ పాటలూ జనం నోట నిజంగానే ఉన్నాయి, మాక్‌ఫర్సన్ అచ్చు వేసిన రూపంలో మాత్రం లేవు. కొన్ని విన్నాడు, చాలా కల్పించాడు.

ఈ కథలో మన ప్రాంతపు ముడి ఒకటి ఉంది. ఆ మాక్‌ఫర్సన్ తరువాత లండనులో ఏం ఉద్యోగం చేశాడనుకున్నారు? మన ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి ఏజెంటు! నవాబు తరఫున కరపత్రాలు రాశాడు, పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంకొకటి. "మూలం అచ్చు వేయి" అని అందరూ నిలదీస్తుంటే, ఆ అచ్చుకు వెయ్యి పౌన్ల దాకా చందా పోగైంది కూడా మన దేశంలో కొలువులు చేస్తున్న కొండసీమ స్కాట్లవారి జేబుల్లోంచే. ఆ గేలిక్ పుస్తకం మాక్‌ఫర్సన్ పోయిన పదకొండేండ్లకు, 1807లో బయటికి వచ్చింది.

మెకంజీ ఈ గొడవ నడుస్తున్న కాలంలో పెరిగినవాడు. ఒక జాతి తన పాతమాట నిజమని చెప్పుకోవాలంటే చేతిలో రాత ఉండాలి, నకలు ఉండాలి, ఏ ఊళ్ళో ఎవరు చెప్పారో గుర్తు ఉండాలి. ఆ పాఠం ఆయన ఒస్సియన్ గొడవ నుంచే నేర్చాడని నేను రుజువు చేయలేను. కానీ ఆయన పోగుచేసిన తీరు చూడండి. ప్రతి వైనానికీ ఊరి పేరుంది. ఆయనేమీ కల్పించలేదు, నునుపు చేయలేదు. మాక్‌ఫర్సన్ దగ్గర లేనిదంతా మెకంజీ పెట్టెల్లో ఉంది.

ఐర్లండువాడు విట్లీ స్టోక్స్ సంగతి కూడా ఒక్క మాట. 1862లో మద్రాసుకు వచ్చిన న్యాయవాది. పగలు మన దేశానికి చట్టాలు రాశాడు. తీరికవేళ పాత ఐరిష్ భాష గ్రంథాలు పరిష్కరించాడు. ఐరిష్ నిఘంటువొకటి 1868లో కలకత్తాలోనే అచ్చయింది. అదే సంవత్సరం, మన దేశంలో ఇళ్ళల్లో, మఠాల్లో పడివున్న సంస్కృత రాతప్రతులను వెతికి జాబితాలు వేయాలన్న పథకం కాగితం మీద పెట్టింది కూడా ఆయనే. లాహోరు పండితుడు రాధాకృష్ణ రాసిన లేఖ దానికి నాంది. ఏటా 24,000 రూపాయలు మంజూరయ్యాయి. సొంత భాష గ్రంథాలు ఎట్లా చెల్లాచెదరయ్యాయో చూసినవాడికి ఎదుటివాడి అటక గుర్తుకొచ్చింది.

ఇంతవరకు మగవాళ్ళ కథ. ఇప్పుడు మన కథకు వస్తాను.

కైఫియత్తులు పేజీలు పేజీలు చదివాను. రాజులున్నారు, రెడ్లున్నారు, కరణాలున్నారు. ఆడవాళ్ళు అక్కడక్కడా గుడి కట్టించిన రాణిగానో, ఊరిదేవతయిన పేరంటాలుగానో కనిపిస్తారు. మాట్లాడరు. వాళ్ళను అడిగినవాడు లేడు. గుమాస్తా వచ్చి చావడి దగ్గర కూర్చున్నాడు. మన అవ్వలు ఆ పొద్దు ఇంట్లో జొన్నలు విసురుతూ పాడుకుంటున్నారు.

లూయిస్ దీవిలోనూ అంతే. ఆ దీవుల్లో నేసిన ఉన్నిబట్టను తడిపి, పెద్ద బల్ల చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, చేతులతో బాది బాది దళసరి చేసేవారు. ఒకామె చరణం ఎత్తుకుంటే అందరూ పల్లవి అందుకునేవారు. బాదుడే తాళం. మన దంపుళ్ళ పాట, విసుర్రాయి పాట ఎట్లాగో అది అట్లా. పెనిమిటి మీద అలక, సముద్రంలో మునిగిన అన్న కోసం ఏడ్పు, అన్నీ ఆ పాటల్లోనే. మిషన్లు వచ్చి బాదే పని పోయింది. పని పోతే పాట పోవాలి. కానీ కొందరు పూనుకుని ఆ ముసలమ్మల దగ్గర కూర్చుని పాటలు రికార్డు చేశారు. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో దానికొక కేంద్రమే పెట్టారు. 1969 నుంచి 1981 దాకా ఆ పాటలు మూడు సంపుటాలుగా వచ్చాయి. గేలిక్‌లో ఎంతో పోయినా, ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళ పాట మిగిలింది.

మన వైపు? 1874లో బాయిల్ అనే దొర మన సీమ కథాగేయాలు కొన్ని అచ్చు వేశాడు. మా పక్కనే ఉన్న ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పాట అందులో ఉంది. 1958లో బిరుదురాజు రామరాజుగారి జానపద గేయాల గ్రంథం వచ్చింది. తరువాత ఎందరో పోగుచేశారు. అయినా ఊరూరికీ, ఇంటింటికీ ఉన్నదంతా పుస్తకాలకు ఎక్కిందా? విసుర్రాయి మూలకు పోయింది, మిక్సీ వచ్చింది. మిక్సీ మోతలో ఎవరు పాడతారు?

కాబట్టి నేను మిమ్మల్ని కోరేది ఇది. అటక మీద తాటాకు కట్టగానీ, కవిలె కట్టగానీ, పాత రాతపుస్తకంగానీ ఉంటే పారేయకండి, గంగలో కలపకండి, పొయ్యిలో అసలే పెట్టకండి. మీకు అక్కరలేకపోతే కడపకు పంపండి, అక్కడ చదివేవాళ్ళున్నారు. అటక మీద ఏమీ లేదంటారా? ఇంట్లో అవ్వ ఉంటే చాలు. ఆమె పక్కన కూర్చోండి. చేతిలో ఫోను ఉంది కదా, అది నొక్కి పెట్టండి. ఏ ఊరి పాట, ఎవరు నేర్పారు, ఏ పని చేస్తూ పాడేవారు అని అడిగి, ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఊరి పేరు, తేదీ మరచిపోకండి. మాక్‌ఫర్సన్ లాగా మీరు అందంగా మార్చకండి. అవ్వ ఎట్లా అంటే అట్లాగే రాయండి.

కడప నుంచి వచ్చిన మరునాడు నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. జేజి పాడిన పాటల్లో నాకు గుర్తున్నవి ఎన్నని లెక్కపెట్టుకుంటే నాలుగే తేలాయి. అందులో ఒకదానికి చివరి చరణం రాలేదు. మా మేనత్తకు ఎనభై దాటాయి, ఆమెకు వచ్చేమోనని పోయి అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఆ పాట మీ జేజి ఒక్కతే పాడేది తల్లీ, మేమంతా పల్లవికి ఊ కొట్టేవాళ్ళం" అంది.

ఆ చరణం కోసం నోటుపుస్తకంలో నాలుగు గీతలు ఖాళీగా వదిలి పెట్టాను.